తాళంచెవి తెచ్చిన మనిషి

సెంగమలానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పుదుచ్చేరి ముదలియార్‌పేటలో వాళ్ళ వీధిలో ఉన్న తెలుగు ఇళ్ళన్నింటిదీ అదే సంగతి. ఏ కాలంలోనో, ఎవరి వెంటో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేర్చుకున్నవి తమిళ అక్షరాలే. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా తెలుగు చదవడం రాకపోవడం వల్ల ఆమెకు ఒక్కనాడూ ఇబ్బంది కలగలేదు, నాయుడుపేటలో ఇల్లు కొనేదాకా.

ఆమె సర్కారు కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. భర్త ఇరుసప్పన్ మిల్లులో మగ్గాల మీద పనిచేశాడు. మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది గాని, మగ్గాల చప్పుడు ఆయన చెవుల్ని తినేసి మరీ పోయింది. పక్కన కూర్చుని చెప్పినా వినబడదు, అరవాలి. అందుకని ఆ ఇంట్లో రహస్యమనేది నిలవదు. కూరలో ఉప్పు తక్కువైన సంగతి ఇరుసప్పన్ కంటే ముందు పక్కింటి అంగమ్మాళ్‌కు తెలుస్తుంది.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును బ్యాంకులో వేసి ఊరుకోవాలనే సెంగమలం అనుకుంది. ఆమె అన్న కొడుకు ఎళిలరసన్ ఊరుకోనివ్వలేదు. అతనిది ఇళ్ళూ స్థలాలూ చూపించే బ్రోకరు పని. చెన్నైలో ఏదో హోటల్లో పెట్టిన క్లాసుకు వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచీ నోరు తెరిస్తే క్యాష్ ఫ్లో.

"అత్తా, బ్యాంకులో దుడ్డు పండుకోని నిద్ర పోతాది. ఇల్లు కొని అద్దెకిస్తే అది లేచి పని చేస్తాది. నెల పుడితే వాడగ వచ్చి పడతా ఉండాల. దాన్నే క్యాష్ ఫ్లో అనేది."

"అట్టయితే ఈడనే ఏదన్నా చూడు."

"పాండీలో యాడుండాది అత్తా? నీ దుడ్డుకు ఈడ మెట్లు కూడా రావు. బయటి స్టేట్‌కు పోవాల. నాయుడుపేట పక్కన కంపెనీలు వచ్చినాయి. ఆడ ఇల్లు చవక, వాడగ జాస్తి. ఆంధ్రా అంటే మనకేం కొత్తా? మన బాషే కదా!"

మన బాషే కదా అన్న మాట సెంగమలానికి తీపిగా తగిలింది. ఎప్పుడూ చూడని ఊరే అయినా, అక్కడ కూరగాయలమ్మేవాళ్ళు కూడా ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడతారని తలుచుకుంటే ఏదో చుట్టరికంలా అనిపించింది. పోయి చూసింది. కొత్తగా వేసిన లేఅవుట్‌లో రెండు గదుల ఇల్లు, వంటిల్లు, వెనక రేకుల షెడ్డు. పక్కింటావిడ రవణమ్మ మంచినీళ్ళిచ్చి, "ఎండలో వచ్చావు, కూర్చో అక్కా" అంది. ఆ ఒక్క మాటతోనే బేరం సగం కుదిరిపోయింది.

రిజిస్ట్రేషన్ రోజున మాత్రం ఒక్క క్షణం గుండె జారింది. కాగితాల నిండా గుండ్రటి అక్షరాలు. అమ్మానాన్నల నోట విన్న మాటలే అవన్నీ, కాని ఒక్కటీ ఆమెకు ముఖం చూపించడం లేదు. ఒకతను గబగబా చదివి వినిపించాడు, ఆమె ప్రతి కాగితం మీదా తమిళంలో సంతకం పెట్టింది.

మొదట అద్దెకు దిగినవాళ్ళు కంపెనీలో పనిచేసే దంపతులు. నెల మొదట్లో అద్దె పడేది. ఫోన్‌లో ఆ మెసేజ్ చప్పుడు వినగానే, ఆసుపత్రిలో జీతం తీసుకున్నప్పటి నిబ్బరం మళ్ళీ వచ్చేది. ఏడాది తిరిగేసరికి వాళ్ళు వేరే ఊరికి బదిలీ అయి వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ పడింది. ఒక నెల, ఇంకో నెల. ఎక్కడో మూడొందల కిలోమీటర్ల దూరంలో తాళం పడి ఉన్న ఇల్లు ఆమె ఛాతీ మీద కూర్చున్నట్టుండేది. ఎవరైనా పగలగొట్టి దూరితే? పాములు చేరితే? రోజూ ఎళిలరసన్‌ను పోరేది.

చివరికి అతనొక మనిషిని కుదిర్చాడు. పేరు చెంగల్రాయుడు. కంపెనీలకు తాగునీళ్ళ క్యాన్లు వేసే వ్యాపారమట. క్యాన్లు పెట్టుకోడానికి షెడ్డు కావాలట. అడిగిన అద్దెకు బేరమాడకపోగా, తనే ఇంకాస్త వేసి ఇస్తానన్నాడు. నెల పుట్టకముందే డబ్బు పడేది. సెంగమలం అతన్ని చూడలేదు. ఒకసారి ఫోన్‌లో, "బాగుండారామ్మా?" అన్న గొంతు మాత్రం వింది. మెత్తటి గొంతు.

కొన్ని నెలల తర్వాత రవణమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, నీ ఇంట్లో ఉండేది నీళ్ళ క్యాన్లోళ్ళని చెప్తివే. ఒక్క క్యాను బయటికి పోవడం గాని లోపలికి రావడం గాని నేను చూళ్ళా. షెడ్డుకు చుట్టూరా టార్పాలిన్ పట్టాలు కట్టేశారు. మా కుక్క ఆ పక్కకి పోతే చాలు, రాళ్ళేస్తున్నారు."

సెంగమలం ఎళిలరసన్‌ను పిలిచి అడిగింది. అతను నవ్వేశాడు. "పక్కింటోళ్ళకు కడుపు మంట అత్తా. టైముకు వాడగ వస్తా ఉండాది కదా, ఇంకేం కావాల?"

నిజమే, వస్తూనే ఉంది. చెంగల్రాయుడికి ఫోన్ చేసి అడుగుదామని ఒకటి రెండుసార్లు నంబరు తీసింది. అడిగితే అతను అలిగి ఖాళీ చేస్తాడేమో, ఇల్లు మళ్ళీ బోసిపోతుందేమో అనుకుని ఫోన్ పక్కన పెట్టేసింది. వారం తిరక్కుండానే అద్దె పడిన మెసేజ్ వచ్చింది. మనసు సర్దుకుంది.

ఒక పొద్దున ఆమె బియ్యం కడుగుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మగ గొంతు, తెలుగు.

"సెంగమలం అంటే మీరేనా? నాయుడుపేటలో ఇల్లు మీదేనా?"

"నాదే. ఎవురు మాట్లాడేది?"

"పోలీస్ స్టేషన్ నుంచి. మీ షెడ్డులో ఎర్రచందనం దుంగలు దొరికాయి. మీరొకసారి రావాలి."

"ఏం దొరికినాయి?"

"ఎర్రచందనం అమ్మా. మీ తమిళంలో సెమ్మరం."

బియ్యం గిన్నె చేతిలోంచి జారి నీళ్ళన్నీ ఒలికిపోయాయి. సెమ్మరం అన్న మాట ఆమె టీవీలో చాలాసార్లు విన్నది. అడవుల్లో చెట్లు కొట్టడానికి తమిళ కూలీలను తీసుకుపోవడం, వాళ్ళలో కొందరు తిరిగి రాకపోవడం, జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గిపోవడం. ఆమె ఇంకో మాట వినకుండా ఫోన్ పెట్టేసి కూతురు ఇలక్కియకు చేసింది. ఇలక్కియ భర్తతో, బడికెళ్ళే పాపతో నటేశన్ నగర్‌లో ఉంటుంది, ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తుంది.

"అమ్మా, అది ఫ్రాడ్ కాల్‌మా!" అంది ఇలక్కియ. "మా ఆఫీసులో ఒకామెకు కూడా ఇట్టనే వచ్చింది. పోలీసు అంటారు, కేసు అంటారు, ఆఖర్లో దుడ్డు వెయ్యమంటారు. ఆ నంబరు బ్లాక్ చెయ్. మళ్ళీ ఎత్తొద్దు."

సెంగమలం బ్లాక్ చేసింది. ఆ పూటకు ప్రాణం లేచొచ్చింది. కాని అన్నం తింటుండగా తట్టింది: మోసగాడికి తన పేరు తెలియవచ్చు, నంబరు తెలియవచ్చు. వెనక షెడ్డు ఉందని ఎలా తెలిసింది?

రవణమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చెంగల్రాయుడి ఫోన్ స్విచ్ ఆఫ్. ఎళిలరసన్‌ది కూడా స్విచ్ ఆఫ్. అతని ఇంటికి మనిషిని పంపితే తలుపుకు తాళం. భార్యను తీసుకుని అత్తగారి ఊరికి పోయాడని పక్కవాళ్ళు చెప్పారు. ఎదురుగా ఇరుసప్పన్ ఏమీ తెలియకుండా చేప ముళ్ళు ఏరుకుంటున్నాడు. చెప్పాలంటే అరవాలి. అరిస్తే వీధికంతా తెలుస్తుంది. ఆమె నోరు నొక్కుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంటి ముందు మోటారు సైకిలు ఆగింది.

పాతికేళ్ళ కుర్రవాడు దిగాడు. శుభ్రమైన తెల్లచొక్కా, నుదుట విబూది. ఇరుసప్పన్ వాకిట్లో పేపరు చదువుతున్నాడు. కుర్రవాడు వంగి ఆయనకు దండం పెట్టాడు. ఎవరో చుట్టాలబ్బాయి అనుకుని ఇరుసప్పన్ కుర్చీ జరిపి, "రా నాయనా, కూర్చో. సెంగమలం, మజ్జిగ తెచ్చి ఈ" అన్నాడు సంతోషంగా.

ఆమె వాకిట్లోకి వచ్చింది. కుర్రవాడు లేచి నిలబడి, నవ్వుతూ, చాలా మెల్లగా మాట్లాడాడు. నెల్లూరు వైపు తెలుగు.

"చెంగల్రాయుడన్న పంపించాడమ్మా. ఇదిగో, మీ ఇంటి తాళంచెవి."

ఆమె చెయ్యి చాపలేదు. అతనే ఆమె అరచెయ్యి తీసుకుని తాళంచెవి అందులో పెట్టి, వేళ్ళు మూశాడు.

"మేం మూడు నెల్ల కిందటే ఇల్లు ఖాళీ చేసేశాం. చెవి అప్పుడే మీకిచ్చేశాం. ఎవురొచ్చి అడిగినా ఈ మాటే. సరేనా అమ్మా?"

"నాకేం తెలీదు నాయనా…"

"అదే, మీకేం తెలీదు. పెద్దోళ్ళు మీరు, ఈ వయసులో మీకెందుకు ఇబ్బంది?" అని వీధి వైపు చూశాడు. "మీ అమ్మాయి వాళ్ళుండేది నటేశన్ నగర్ కదా? బాగుంది ఆ వీధి. పొద్దున పాపను స్కూలు వ్యాన్ ఎక్కించేటప్పుడు చూశా."

సెంగమలం గోడ పట్టుకుంది. పక్కనే ఇరుసప్పన్ ఆ కుర్రవాడి ముఖం చూస్తూ తలూపుతున్నాడు, మాటలు వినబడకపోయినా మర్యాదకు నవ్వుతున్నాడు. కుర్రవాడు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, ఇరుసప్పన్‌కు మళ్ళీ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"మంచి పిల్లోడు," అన్నాడు ఇరుసప్పన్. "ఎవురి కొడుకు?"

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుని, వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. ఎంతోమంది కాన్పులు చూసిన మనిషి, రక్తం చూస్తే చలించని మనిషి, ఆ రోజు గ్లాసు కడగడానికి కూడా దాన్ని ముట్టుకోలేకపోయింది. ఇలక్కియకు ఫోన్ చేసి, ఏ కారణమూ చెప్పకుండా, రేపు పాపను బడికి పంపొద్దని మాత్రం చెప్పింది. గొంతు విన్న ఇలక్కియ ఎందుకని అడగలేదు.

తెల్లారాక ఆమె ఇరుసప్పన్‌ను ఆటో ఎక్కించి తేంగాయితిట్టు చేపల రేవుకు తీసుకుపోయింది. చేపలకేమో అనుకుని ఆయన సంచి కూడా తెచ్చుకున్నాడు. రేవులో పడవలు అప్పుడే దిగాయి. వేలం పాట కేకలు, ఐసు దంచే మరల చప్పుడు, వ్యాన్ల హారన్లు. ఆ గోలలో ఎవరు ఎంత అరిచినా ఎవరూ తిరిగి చూడరు. సెంగమలం మొగుణ్ణి గట్టు చివరికి తీసుకుపోయి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గుండెలో ఉన్నదంతా అరిచి చెప్పింది. సెమ్మరం సంగతి, ఫోన్ సంగతి, మజ్జిగ తాగి పోయినవాడి సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పక్కన చేపలు పోసుకుంటున్న ఆడవాళ్ళు మొగుడూ పెళ్ళాల పోట్లాట అనుకుని పక్కకు జరిగారు.

ఇరుసప్పన్ ముఖంలో రంగు మారిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె చూడని ముఖం.

"వాడికా నేను కుర్చీ ఏసింది?" అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. కింద నల్లటి నీళ్ళు, డీజిలు తెట్టు.

"దీన్ని ఇందులో పారేస్తాను. మనకు ఇల్లూ వద్దు, వాడగా వద్దు. వాళ్ళేం చెప్పమంటే అది చెప్పేద్దాం. పాప పేరు ఎత్తినాడు వాడు!"

ఇరుసప్పన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆయన మెల్లగా మాట్లాడుతున్నాననుకున్నాడు గాని గట్టిగానే మాట్లాడాడు.

"వాళ్ళు మూడు నెల్ల ముందే పోయినారు, చెవి నీ చేతిలోనే ఉండింది అని నువ్వు చెప్తే, మరి ఆ కట్టెలు ఎవురివి అవుతాయి?"

సెంగమలం చేతిలోని తాళంచెవి వైపు చూసింది. అంతసేపూ ఆమె పాప గురించే భయపడింది, ఇలక్కియ గురించే భయపడింది. ఆ కుర్రవాడు తన అరచేతిలో పెట్టింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. దుంగలన్నీ తన నెత్తిన పెట్టిపోయాడు.

"పోదాం," అన్నాడు ఇరుసప్పన్. "వాళ్ళు మళ్ళీ మన గడప తొక్కే ముందు మనమే పోదాం."

ఇలక్కియకు అప్పుడు అంతా చెప్పారు. ఆమె భర్త పాపను తీసుకుని తన అన్నగారింటికి వెళ్ళాడు. ఇలక్కియ తానూ వస్తానంది గాని తల్లి ఒప్పుకోలేదు. "నువ్వు పాప పక్కన ఉండు" అని ఒకటే మాట. చెన్నై దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఇంకో బస్సు. దారి పొడవునా వెనక వచ్చే ప్రతి మోటారు సైకిలునూ సెంగమలం కిటికీలోంచి చూస్తూనే ఉంది. తెల్లచొక్కా కనబడితే చాలు, తల కిందికి వంచేసేది. రాష్ట్రం దాటగానే బోర్డుల మీద తమిళం పోయి ఆ గుండ్రటి అక్షరాలు మొదలయ్యాయి. మొదటిసారి వచ్చినప్పుడు అవి చుట్టాల్లా కనిపించాయి. ఇప్పుడు ఏ బోర్డు ఏం చెబుతోందో, ఎక్కడ దిగాలో తెలియక, కండక్టరును అడగడానికి కూడా భయపడింది. అడిగితే ఎక్కడికని అడుగుతాడు. పోలీస్ స్టేషన్‌కని ఎలా చెప్పడం?

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరుది చిన్న వయసే. ఆమె పేరు చెప్పగానే తలెత్తి చూశాడు.

"ఫోన్ ఎందుకు కట్ చేశావు? నంబరు బ్లాక్ చేస్తావా?"

"దొంగ ఫోన్ అనుకుంటిమి సార్. బయమేసింది."

"తమిళనాడా?"

"పాండిచ్చేరి సార్."

"మరి తెలుగెక్కడ నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదు సార్. మాది తెలుగే."

పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "తెలుగొచ్చిన తమిళులు, తమిళమొచ్చిన తెలుగోళ్ళు. ఈ వ్యాపారంలో అందరూ అట్టాంటోళ్ళే" అన్నాడు. ఇరుసప్పన్‌ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి ఆయన ఒక భుజం మాత్రమే కనబడుతోంది. ఆమె ఆ భుజం మీదే చూపు నిలిపింది.

"మేం వెళ్ళేసరికి ఇంట్లో మనుషుల్లేరు. వాళ్ళు ఇల్లు ఎప్పుడు ఖాళీ చేశారు?"

ఇదే ఆ ప్రశ్న. మూడు నెల్ల కిందటే అన్న మాట ఆ కుర్రవాడి మెత్తటి గొంతుతో సహా చెవిలో మోగింది. స్కూలు వ్యాన్ ఎక్కుతున్న పాప కళ్ళ ముందు కనబడింది.

"కాలీ చెయ్యలేదు సార్. పోయిన నెల కూడా వాడగ వచ్చింది. మొన్న ఒక పిల్లోడు మా ఇంటికి వచ్చి ఈ చెవి నా చేతిలో పెట్టి, మూడు నెల్ల ముందే ఇచ్చినామని చెప్పమన్నాడు."

తాళంచెవి బల్ల మీద పెట్టింది.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. ఇప్పుడు అతని గొంతు మారింది. "మీ ఇంటికొచ్చాడా? చూస్తే గుర్తుపడతారా?"

ఫోన్‌లో కొన్ని ఫోటోలు ఒక్కొక్కటే జరిపి చూపించాడు. గడ్డాలవాళ్ళు, మీసాలవాళ్ళు, ఎవరెవరో. నాలుగో అయిదో ఫోటోలో అదే నవ్వు, నుదుట అదే విబూది. తెలియదని చెప్పి బయటపడొచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. ఆమె తలుపు సందులోంచి మొగుడి భుజం వైపు ఇంకోసారి చూసింది.

"వీడే సార్."

"ఖాయంగానా?"

"వీడికి నేను మజ్జిగ ఇచ్చినాను."

తాళంచెవి స్వాధీనం చేసుకున్నట్టు కాగితం రాశారు. సంతకం పెట్టమన్నారు. ఆమె పెన్ను పట్టుకోలేదు.

"చదివి చెప్పండి సార్. నాకు తెలుగు చదవడం రాదు."

"ఇందాకేగా మాది తెలుగే అన్నావు?" అని కానిస్టేబులు విసుక్కున్నాడు. అంతలో అవతల బల్ల దగ్గర కూర్చున్న ఆడ కానిస్టేబులు లేచి వచ్చి, కాగితం తీసుకుని, పక్కన నిలబడి నిదానంగా చదివింది. అర్థం కాని మాట వచ్చిన చోట ఆగి విడమరిచి చెప్పింది. జరిగింది జరిగినట్టే ఉంది. సెంగమలం తమిళంలో సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం సెంగమలం, ఇరుసప్పన్ ఆ ఇంటి దగ్గరికి వెళ్ళారు. పోలీసులు తలుపుకు గుడ్డ చుట్టి లక్క ముద్ర వేసి ఉంచారు. షెడ్డుకు కట్టిన పట్టాలు చిరిగి గాలికి కొట్టుకుంటున్నాయి. రవణమ్మ గేటు దగ్గరికి వచ్చింది గాని బయటికి రాలేదు.

"ఫోన్ ఎత్తలేదని ఏమనుకోవద్దక్కా. పోలీసులు వచ్చిపోయాక వాళ్ళ మనుషులొచ్చి మా కుక్కను చంపి గేటు ముందు పడేసి పోయారు. నీతో మాట్లాడితే మా ఇంటాయన గతి కూడా అంతేనన్నారు." అంటూనే ఇటూ అటూ చూసి లోపలికి పోయింది.

ముదలియార్‌పేటకు తిరిగొచ్చాక గడిచిన రోజులే అన్నిటికంటే కష్టమైనవి. స్టేషన్‌లో మాట చెప్పడానికి ఎంత ధైర్యం ఉంటే సరిపోయిందో, చెప్పాక బతకడానికి అంతకు పదింతలు కావలసి వచ్చింది. ఇలక్కియ కుటుంబం వచ్చి వాళ్ళతోనే ఉంది. పాపను తండ్రే బడికి తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. వీధిలో బండి ఆగిన చప్పుడైతే సెంగమలం పొయ్యి కట్టేసి, ఊపిరి బిగపట్టి, అది కదిలి పోయేదాకా అలాగే నిలబడేది. కొరియరు కుర్రవాణ్ణి చూసి ఒకసారి పెరటి తలుపు నుంచి అంగమ్మాళ్ ఇంటికి పరిగెత్తింది. వీధికంతా సంగతి తెలిసిపోయింది. తెలియడమే మంచిదైంది. సాయంత్రాలు మగవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని వాళ్ళ వాకిట్లోనే కూర్చునేవాళ్ళు.

నెల దాటాక ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. చెంగల్రాయుడూ ఆ కుర్రవాడూ ఒక లాడ్జిలో దొరికారని చెప్పాడు. ఆమె దేవుడి పటం ముందు నిలబడి దండం పెట్టబోయింది, చేతులు పైకి లేవలేదు. అలాగే గోడకు జారగిలబడి నిద్రపోయింది.

ఎళిలరసన్ కూడా వచ్చాడు. పోలీసులు అతన్నీ పిలిచి విచారించి వదిలిపెట్టారు. చెంగల్రాయుడు అందరి కంటే ఎక్కువ కమిషన్ ఇచ్చాడని, అతను ఎవరో ఏమిటో తాను విచారించలేదని ఒప్పుకున్నాడు. అత్త కాళ్ళ మీద పడ్డాడు.

"లెయ్," అంది సెంగమలం. "నువ్వు అడగలేదు, నేనూ అడగలేదు. రవణమ్మ చెప్పినా కూడా అడగలేదు." అన్నం పెట్టింది. కాని ఆ తర్వాత అతను క్యాష్ ఫ్లో అన్న మాట ఆ గడపలో ఎత్తలేదు.

తిరుపతి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లు పోయి వాయిదా పడి తిరిగొచ్చారు. మూడోసారి ఆమెను బోనులోకి పిలిచారు. ఎదురుగా ఆ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, విబూది మాత్రం అలాగే ఉంది. ఆమెను చూసి, ఇంటికొచ్చిన నాటి లాగే తలవంచి దండం పెట్టాడు. సెంగమలం బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది.

వాళ్ళ వకీలు లేచాడు. "ఊళ్ళో ఎవరూ ఇవ్వని అద్దె మీకిస్తున్నాడు. మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్."

వకీలు ఆ జవాబు ఊహించలేదు. "వస్తే ఎందుకు అడగలేదు?"

"అడిగితే పోతాడని. ఇల్లు మళ్ళీ కాలీగా పడుంటాదని." కుర్రవాడి వైపు చెయ్యి చూపించింది. "అది నా తప్పే సార్. కాని చెవి నా చేతిలో పెట్టింది మాత్రం ఈ పిల్లోడే."

ఇద్దరికీ శిక్ష పడింది. తీర్పు రోజున ఆమె వెళ్ళలేదు, వెళ్ళే ధైర్యం లేదు. సర్కారు వకీలు ద్వారా కబురు తెలిసింది. వాళ్ళు పై కోర్టుకు పోయారట, అది ఇంకా నడుస్తోంది. ఏ రోజు బయటికొస్తారో అన్న లెక్క ఆమె మనసు నుంచి పోలేదు.

ఇల్లు ఆమెకు అప్పగించాక అమ్మకానికి పెట్టింది. చూడటానికి ఒక చిన్న జంట వచ్చింది. ఇద్దరూ కంపెనీలో పనిచేస్తారు, ఆ అమ్మాయికి ఆరో నెల. ఎళిలరసన్ వద్దని సైగ చేస్తున్నా వినకుండా, ఆ ఇంట్లో ఏం జరిగిందో సెంగమలం వాళ్ళకు మొదటి నుంచీ చివరిదాకా చెప్పింది. అబ్బాయి భార్య ముఖం వైపు చూశాడు. ఆ అమ్మాయి షెడ్డు వైపు చూసింది.

"మళ్ళీ ఎవరైనా వస్తారాండీ?" అంది.

"తెలీదు తల్లీ. రారనే అనుకుంటా ఉండా. వస్తే నన్ను అడగమను. నా నంబరు రాసిపెట్టుకో."

వాళ్ళు ధర బాగా తగ్గించి అడిగారు. ఆమె ఒప్పుకుంది. కొన్న దానికంటే తక్కువే వచ్చింది.

అప్పగించే ముందు రోజు సెంగమలం చీపురు తీసుకుని తనే షెడ్డు ఊడ్చింది. దుంగలు దొర్లించిన చోట నేలంతా ఎర్రటి పొడి. రవణమ్మ గోడ మీదుగా బకెట్లతో నీళ్ళు అందించింది. ఎన్ని బకెట్లు పోసినా కాలవలోకి ఎర్రగానే దిగుతున్నాయి. ఇరుసప్పన్ లుంగీ ఎగగట్టి చీపురుకట్టతో రుద్దుతున్నాడు. "చాలక్కా, ఇంక పొద్దు వాలిపోతోంది, బస్సు పోతాది" అంది రవణమ్మ.

"ఇంకో బకెట్ ఇయ్," అంది సెంగమలం. "కడుపుతో ఉండే పిల్ల వస్తాది ఈడికి."